పిలిస్తే పలకాలి: విమానాల ఢీ నివారణ సాంకేతికత, ప్రభుత్వ విధానం

విమానాలు గాలిలో ఒకదానినొకటి ఢీకొనకుండా కాపాడే సాంకేతికతకు మిగిలిన భద్రతా పరికరాలలో చాలావాటికి లేని ఒక లక్షణం ఉంది: అది ఒంటరిగా పనిచేయదు. బళ్లారి జిల్లా సండూరు ఇనుప గనుల్లో హెల్మెట్ పెట్టుకున్న కార్మికుడి తలను ఆ హెల్మెట్టే కాపాడుతుంది, పక్కవాడు పెట్టుకున్నాడా లేదా అన్నదానితో దానికి నిమిత్తం లేదు. విమానంలోని ఢీ నివారణ యంత్రం అలాంటిది కాదు. అది ఆకాశంలోకి ఒక పిలుపు పంపుతుంది, ఎదుటి విమానం ఆ పిలుపుకు బదులు పలికితేనే దాని ఉనికిని తెలుసుకుంటుంది, పలకకపోతే ఎదుట ఉన్నది ఎంత పెద్ద విమానమైనా ఈ యంత్రానికి ఖాళీ ఆకాశమే కనిపిస్తుంది. అందుచేత ఈ పరికరాన్ని కొనాలా వద్దా అన్నది ఒక విమాన సంస్థ తన లాభనష్టాలు చూసుకొని తేల్చుకునే విషయంగా మిగలడానికి వీలులేదు. అందరిచేతా ఒకేసారి పెట్టించగల శక్తి ప్రభుత్వానికే ఉంది కనుక, ఈ సాంకేతికత చరిత్ర అంటే చాలావరకు ప్రభుత్వ ఆజ్ఞల చరిత్రే. ఆ ఆజ్ఞలో ఒక నిర్ణీత తేదీ ఉన్నచోట ప్రాణాలు నిలిచాయి, తేదీ లేనిచోట యంత్రం సిద్ధంగా ఉన్నా మనుషులు పోయారు అన్నది ఈ ఉపన్యాసం నిరూపించదలచిన విషయం.

ముందుగా యంత్రం సంగతి. ప్రతి పెద్ద విమానంలోనూ ట్రాన్స్‌పాండర్ అనే ఒక రేడియో పెట్టె ఉంటుంది. బయటినుంచి ప్రశ్న తరంగం తగలగానే అది తన గుర్తింపునూ, తానున్న ఎత్తునూ జవాబుగా పంపుతుంది. భూమి మీది సెకండరీ రాడార్ అడిగే ప్రశ్నకు కూడా ఈ పెట్టే జవాబు చెబుతుంది. ఇదే ప్రశ్నను నేల మీది రాడార్ బదులు విమానమే చుట్టుపక్కల విమానాలను అడిగేటట్టు చేస్తే వచ్చేది ఢీ నివారణ వ్యవస్థ. అంతర్జాతీయ నిబంధనలలో దీని పేరు ఏకాస్, అమెరికా పెట్టిన పేరు టీకాస్. పైలట్ల నోట రెండో పేరే ఎక్కువగా వినిపిస్తుంది. ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి పట్టిన కాలాన్ని బట్టి యంత్రం దూరాన్ని లెక్కగడుతుంది, ఆ దూరం ఎంత వేగంగా తగ్గుతున్నదో చూస్తుంది, ఒకదానితో ఒకటి భాగించి రెండు విమానాలు అతి సమీపానికి రావడానికి ఇంకా ఎన్ని సెకన్లు ఉన్నాయో తేలుస్తుంది. ముప్పును మైళ్లలో కాక సెకన్లలో కొలవాలన్న ఈ ఆలోచన 1950ల నడుమ బెండిక్స్ సంస్థకు చెందిన జాన్ మోరెల్ అనే శాస్త్రజ్ఞుడిది, ఈనాటికీ ఈ వ్యవస్థకు అదే పునాది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చే రెండు జెట్ విమానాల మధ్య దూరం ప్రతి సెకనుకూ 500 మీటర్ల చొప్పున కరిగిపోతుంది, అంటే ఎదుటి విమానం పన్నెండున్నర కిలోమీటర్ల దూరంలో ఉండగా పైలట్ చేతిలో ఉన్నది 25 సెకన్లే. అంత దూరాన ఉన్న విమానం కంటికి ఆనడమే కష్టం, ఆనినా అది ఎటు కదులుతున్నదో తేల్చుకునేలోపు కాలం మించిపోతుంది.

యంత్రం రెండు మెట్లుగా హెచ్చరిస్తుంది. ఎత్తును బట్టి 20 నుంచి 48 సెకన్ల ముందు, దగ్గరలో విమానం ఉన్నదని చెప్పే మొదటి హెచ్చరిక వినిపిస్తుంది; 15 నుంచి 35 సెకన్ల ముందు పైకి ఎక్కమనో కిందికి దిగమనో చెప్పే రెండో ఆదేశం వస్తుంది. రెండు విమానాల్లోనూ ఈ యంత్రాలు ఉంటే అవి ముందుగా తమలో తాము మాట్లాడుకొని, ఒకటి ఎక్కేటట్టూ మరొకటి దిగేటట్టూ ఒప్పందానికి వచ్చాకే పైలట్లకు చెబుతాయి. ఇద్దరు మనుషులు ఇరుకు సందులో ఎదురుపడి, ఇద్దరూ ఒకే పక్కకు తప్పుకోబోయి మళ్లీ ఎదురుపడే ఇబ్బంది ఆకాశంలో రాకూడదనే ఈ ఏర్పాటు.

భారతదేశంలో ఈ యంత్రం చట్టంగా మారడానికి కారణం 1996 నవంబరు 12 సాయంత్రం. ఢిల్లీ నుంచి సౌదీ అరేబియాకు బయలుదేరిన బోయింగ్ 747 పైకి ఎక్కుతున్నది, కజఖ్‌స్తాన్ నుంచి ఢిల్లీకి వస్తున్న ఇల్యూషిన్ 76 కిందికి దిగుతున్నది. వాయుసేన అధీనంలోని గగనతలం పోగా పౌర విమానాలకు మిగిలినది ఇరుకైన దారి కావడంతో, ఢిల్లీకి వచ్చేవీ ఢిల్లీ నుంచి పోయేవీ ఆనాడు ఒకే దారిన సాగేవి. సౌదీ విమానం 14,000 అడుగుల ఎత్తులోనూ, కజఖ్ విమానం 15,000 అడుగుల ఎత్తులోనూ ఉండాలని నియంత్రకుడు చెప్పాడు, ఎదురుగా విమానం వస్తున్నదని కూడా హెచ్చరించాడు. కజఖ్ విమానం 15,000 అడుగుల దగ్గర ఆగకుండా ఇంకా కిందికి దిగింది. హర్యానాలోని చర్ఖీ దాద్రి పొలాల మీద రెండు విమానాలూ ఢీకొన్నాయి, రెండింటిలోనూ ఉన్న 349 మందీ మరణించారు. గాలిలో రెండు విమానాలు ఢీకొన్న ప్రమాదాలలో ఇంతమంది పోయినది ప్రపంచ చరిత్రలో మరొకటి లేదు. సౌదీ విమానంలో గల్ఫ్ దేశాలకు పొట్టకూటి కోసం పోతున్న భారతీయులు ఎందరో ఉన్నారు. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి తరాలుగా అదే దారిన వలస పోతున్న తెలుగు కుటుంబాలకు ఆ ప్రయాణం అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. ఈ స్మారక ఉపన్యాసం ఆ 349 మంది స్మృతికే అంకితం.

ప్రమాదంపై విచారణ జరిపిన జస్టిస్ రమేశ్ చంద్ర లాహోటీ కమిషన్, కేటాయించిన ఎత్తును దాటి కిందికి దిగిన కజఖ్ సిబ్బందిదే తప్పని తేల్చింది, నియంత్రకుడి మాటను వారు సరిగా అర్థం చేసుకోలేకపోయారన్న సంగతిని కూడా ఎత్తిచూపింది. అయితే తప్పు ఎవరిదన్న ప్రశ్న కంటే, ఆ తప్పును ఆపగలిగినది ఏదీ ఎందుకు లేకపోయిందన్న ప్రశ్న బరువైనది. నియంత్రకుడి ముందున్నది ప్రాథమిక రాడార్. అది విమానం ఎక్కడ ఉన్నదో చుక్కగా చూపుతుంది కానీ ఎంత ఎత్తులో ఉన్నదో చూపదు, కాబట్టి కజఖ్ విమానం గీత దాటిందని ఆయనకు తెలిసే మార్గం లేదు. ఎత్తును కూడా చూపగల సెకండరీ రాడార్ ఢిల్లీకి వచ్చి ఉన్నా అప్పటికింకా వాడకంలోకి రాలేదు. విమానాలలో ఢీ నివారణ యంత్రాలు ఉండి ఉంటే, నేల మీద కళ్లు లేకపోయినా అవే ఒకదానినొకటి పిలుచుకొని తప్పుకునేవి. పరికరాలకు ఎక్కడా కొదవ లేని కాలంలో, ఒకటి డబ్బాలో ఉండిపోయి, మరొకటి కొనకుండా మిగిలిపోయి, 349 ప్రాణాలు పోయాయి.

ఆ తర్వాత జరిగినది మన పాలనా చరిత్రలో అరుదైనది. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, 30కి మించి సీట్లున్న ప్రతి విమానానికీ ఢీ నివారణ యంత్రం తప్పనిసరి అని ఆజ్ఞ ఇచ్చి, 1998 డిసెంబరు ఆఖరును గడువుగా పెట్టింది. ఆ ఆజ్ఞ మన సంస్థలతో ఆగలేదు, భారత గగనతలంలోకి అడుగుపెట్టే విదేశీ విమానాలను కూడా కట్టివేసింది. ఈ రెండో భాగమే అసలైన వివేకం, ఎందుకంటే చర్ఖీ దాద్రిలో ఢీకొన్న రెండు విమానాలూ విదేశాలవే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఇదే నియమాన్ని ప్రపంచమంతటికీ వర్తింపజేసినది 2003 జనవరి 1న, 19 సీట్లకు మించిన చిన్న విమానాలకు విస్తరించినది 2005లో. ఈ ఒక్క విషయంలో భారతదేశం ఆ అంతర్జాతీయ నియమం కంటే నాలుగేళ్లు ముందు నడిచింది, ఆ గౌరవం మన అధికారులకు దక్కవలసినదే.

అమెరికా అనుభవం చూస్తే ఈ రెండేళ్ల వేగం ఎంత విలువైనదో తెలుస్తుంది. 1956 జూన్ 30న గ్రాండ్ కాన్యన్ మీద రెండు ప్రయాణికుల విమానాలు ఢీకొని 128 మంది పోయారు, ఢీ నివారణ పరిశోధన అక్కడినుంచే ఊపందుకుంది. 1978లో శాన్ డియాగోలో 144 మంది, 1986లో లాస్ ఏంజెలెస్ పక్కన సెరిటోస్‌లో నేల మీది 15 మందితో కలిపి 82 మంది బలయ్యాక, 1987లో ఆ దేశపు కాంగ్రెసు చట్టం చేసింది. గడువు మొదట 1991, తర్వాత 1993. గ్రాండ్ కాన్యన్ నుంచి లెక్కవేస్తే 37 ఏళ్లు. అందులో కొంత కాలం యంత్రాన్ని తీర్చిదిద్దడానికి నిజంగా అవసరమైనదే, కానీ మిగిలినదంతా ఎవరు ఖర్చు పెట్టాలి, ఎవరికి మినహాయింపు ఇవ్వాలి అన్న బేరసారాలలో పోయిన కాలం.

యంత్రం పెట్టించడంతో విధానం పని తీరిపోదు. 2002 జులై 1 రాత్రి జర్మనీలోని యూబర్లింగెన్ మీద ఒక రష్యన్ టుపోలెవ్ 154, ఒక సరుకు రవాణా బోయింగ్ 757 ఢీకొన్నాయి. రెండింటిలోనూ ఢీ నివారణ యంత్రాలు ఉన్నాయి, రెండూ సరిగానే పనిచేశాయి. టుపోలెవ్‌ను యంత్రం పైకి ఎక్కమన్నది, జ్యూరిచ్‌లో ఒంటరిగా విధుల్లో ఉన్న నియంత్రకుడు కిందికి దిగమన్నాడు, పైలట్లు మనిషి మాట విన్నారు. బోయింగ్ పైలట్లు యంత్రం చెప్పినట్టు కిందికే దిగారు. సెలవులకు స్పెయిన్ వెళ్తున్న బడిపిల్లలతో సహా 71 మంది మరణించారు. అంతకు ఏడాదిన్నర ముందే, 2001 జనవరిలో జపాన్ మీద రెండు పెద్ద విమానాలు ఇదే గందరగోళంలో చిక్కుకొని వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయి, యంత్రానికీ నియంత్రకుడికీ మాట తేడా వస్తే ఎవరి మాట వినాలన్నది స్పష్టంగా రాయవలసిన అవసరం అప్పుడే బయటపడింది. ఆ స్పష్టత రావడానికి ఇంకా 71 మంది పోవలసి వచ్చింది. యంత్రం ఆదేశం ఇచ్చినప్పుడు పైలట్ దానినే పాటించాలి, నియంత్రకుడు అడ్డుచెప్పకూడదు అన్న నియమం ఆ తర్వాత అన్ని దేశాల్లోనూ గట్టిపడింది. పరికరాన్ని కొనిపించడం విధానంలో సగమే, దాని మాట ఎవరి మాట కంటే పైదో తేల్చి చెప్పడం మిగతా సగం.

ఈ రెండు సగాలూ కలిసి తెలుగువారిని కాపాడిన ఒక సందర్భం 2018 జులై 10న బెంగళూరు గగనతలంలో వచ్చింది. కోయంబత్తూరు నుంచి హైదరాబాద్‌కు వస్తున్న విమానం ఎత్తుకు ఎక్కుతున్నది, బెంగళూరు నుంచి కొచ్చికి పోతున్న మరో విమానమూ ఎక్కుతున్నది. 27,000 అడుగులు దాటాక రెండింటి మధ్య నిలువు దూరం 200 అడుగులకు పడిపోయింది. ఆ ఎత్తులో ఉండవలసిన దూరం 1,000 అడుగులు. రెండు విమానాల్లోనూ యంత్రాలు ఆదేశాలిచ్చాయి, పైలట్లు పాటించారు, 328 మంది ప్రయాణికులు తమ తమ ఊళ్లలో దిగి ఇళ్లకు వెళ్లారు. చర్ఖీ దాద్రి మృతుల సంఖ్యకు ఈ సంఖ్య ఎంత దగ్గరో గమనించదగ్గది. 2003 నవంబరు నుంచి మన దేశంలో 29,000 అడుగులకు పైన కూడా విమానాల నిలువు దూరాన్ని 2,000 అడుగుల నుంచి 1,000కి తగ్గించి, అదే ఆకాశంలో ఎక్కువ విమానాలకు చోటు చేశారు. వెనుక ఈ యంత్రం అనే కాపలా లేకపోతే అలా ఇరుకు చేయడానికి ఎవరూ సాహసించకూడదు.

ఈ కాపలాకు హద్దులు ఉన్నాయని కూడా చెప్పాలి. నేలకు సుమారు 1,000 అడుగుల లోపు ఎత్తులో యంత్రం ఎక్కమనీ దిగమనీ ఆదేశించదు, ఎందుకంటే అక్కడ దిగమని చెప్పడమంటే నేలకు కొట్టుకోమని చెప్పడమే. 2022 జనవరి 7న బెంగళూరులో కోల్‌కతాకు, భువనేశ్వర్‌కు పోయే రెండు విమానాలు పక్కపక్క రన్‌వేల నుంచి ఒకేసారి లేచి దగ్గరకు వచ్చినప్పుడు, నాలుగు వందలకు పైబడిన మనుషులను రక్షించినది రాడార్ ముందు కూర్చున్న నియంత్రకుడి చూపే. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో పొటోమాక్ నది మీద ప్రయాణికుల విమానం, సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది పోయినప్పుడు కూడా ఎత్తు మరీ తక్కువ. యంత్రం మొదటి హెచ్చరిక వరకే ఇవ్వగలిగింది. విమానాలు తమ స్థానాన్ని ఎవరూ అడగకుండానే ప్రతి సెకనూ ప్రకటించుకునే ఏడీఎస్-బీ అనే కొత్త పద్ధతి ఉన్నా, ఆ హెలికాప్టర్ ఆ వేళ దానిని ప్రసారం చేయడం లేదు. 1944 నాటి షికాగో ఒడంబడిక తన నియమాలు సైనిక, ప్రభుత్వ విమానాలకు వర్తించవని చెప్పింది. ఆ మినహాయింపుకు ఆనాడు కారణాలు ఉన్నాయి, కానీ సైనిక, పౌర విమానాలు ఒకే ఆకాశాన్ని వేళలవారీగా పంచుకోవాలన్న విధానం మన దేశంలోనూ అమలవుతున్న ఈ రోజుల్లో, పిలుపుకు పలకకుండా తిరిగే హక్కు ఎవరికైనా ఎంతవరకు ఉండాలన్నది తిరిగి ఆలోచించవలసిన విషయమే. యుద్ధకాలపు మౌనం వేరు, నగరం పక్కన శిక్షణ కోసం తిరిగేటప్పటి మౌనం వేరు.

తేదీ లేని విధానం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఆకాశం నుంచి రైలు పట్టాల మీదికి దిగి చూడవలసి ఉంది, బళ్లారి జిల్లావారికి ఆ చరిత్ర బాగా దగ్గరిది. హోసపేట, బళ్లారి, గుంతకల్లుల మీదుగా బెంగళూరు పోయే హంపి ఎక్స్‌ప్రెస్ 2012 మే 22 తెల్లవారుజామున అనంతపురం జిల్లా పెనుకొండ స్టేషనులో ఆగి ఉన్న గూడ్సు రైలును గుద్దింది. పాతిక మంది దాకా చనిపోయారు. ఎర్ర సిగ్నలు దాటిపోయిన రైలును తనంతట తానే ఆపగల వ్యవస్థ గురించి అప్పటికి పన్నెండేళ్లుగా మాట్లాడుతూనే ఉన్నారు. 1999లో గైసల్ రైలు ప్రమాదం తర్వాత కొంకణ్ రైల్వేలో బొజ్జి రాజారాం రూపొందించిన ఢీ నివారణ పరికరాన్ని ఈశాన్య సరిహద్దు రైల్వేలో పెట్టి చూశారు, అది దేశమంతటికీ వ్యాపించలేదు. దాని తర్వాతి తరం వ్యవస్థను దక్షిణ మధ్య రైల్వేలో పరీక్షించారు. విమానాల యంత్రం లాగే దానికీ మొదట టీకాస్ అన్న పేరే ఉండేది, కవచ్ అన్నది తర్వాతి నామకరణం. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల రైళ్ల మీద పరీక్షలు మొదలయ్యాయి, 2020లో దానిని జాతీయ వ్యవస్థగా స్వీకరించారు, తయారుచేసిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ సంస్థలు మూడూ హైదరాబాద్‌వే. పట్టాల మధ్య గుర్తింపు బిళ్లలు, దారి పొడవునా రేడియో స్తంభాలు, ఇంజనులో ఒక పెట్టె కలిసి పనిచేస్తాయి. డ్రైవరు బ్రేకు వేయకపోతే పెట్టే వేస్తుంది. ఇది కూడా రెండు వైపులా ఉంటేనే పనిచేసేది: ఇంజనులో ఉండి దారిలో లేకపోయినా, దారిలో ఉండి ఇంజనులో లేకపోయినా వ్యర్థమే. 68,000 కిలోమీటర్లకు పైబడిన దేశపు రైలు మార్గాలలో మొదటి విడత అమరినది దక్షిణ మధ్య రైల్వేలోని 1,465 కిలోమీటర్లు. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఒక ప్యాసింజరు రైలును మరో ప్యాసింజరు రైలు వెనుకనుంచి గుద్దినప్పుడు ఆ మార్గంలో కవచ్ లేదు.

రైలు మార్గమంతా అమర్చడం విమానంలో పెట్టె పెట్టినంత తేలిక కాదన్న వాదన నిజమే. ఒక విమాన సంస్థకు కొన్ని వందల విమానాలు ఉంటే, రైల్వేకు వేల ఇంజన్లు, వేల స్టేషన్లు ఉన్నాయి, ఖర్చు భరించేది కూడా ప్రభుత్వమే. అయినా ఒక తేడా ఈ వాదనలో మరుగున పడుతుంది. 1998 గడువుతో డీజీసీఏ ఆజ్ఞాపించినది ఇతరులను. ఆజ్ఞ మీరితే ఆ విమానం ఎగరదు. కవచ్ విషయంలో ఆజ్ఞ ఇవ్వవలసినదీ పాటించవలసినదీ ఒకే సంస్థ, గడువు దాటినా ఏ రైలూ ఆగదు. తనకు తాను పెట్టుకున్న గడువును తానే సడలించుకోగల సంస్థకు, గడువు మీద వేరొకరి అధికారం ఉండాలన్నది ఈ రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టి చూస్తే తేలే న్యాయం.

ఇక మనమున్న సండూరు తాలూకా యశ్వంతనగర్ ఆకాశం. హోసపేట నుంచి స్వామిహళ్లి దాకా ఖనిజం మోసే రైలు దారి పక్కన ఉన్న ఈ ఊరికి విమానాలు దూరపు సంగతి అనిపించవచ్చు, కానీ ఇదే తాలూకాలోని తోరణగల్లులో విద్యానగర్ విమానాశ్రయం ఉంది, 2017లో ఉడాన్ పథకం కింద హైదరాబాద్‌కు అక్కడినుంచి ఏటీఆర్ 72 విమానాలు ఎగిరాయి. 70 దాకా సీట్లున్న ఆ విమానానికి ఢీ నివారణ యంత్రం తప్పనిసరి. ఆ మేరకు 1998 నాటి ఆజ్ఞ సండూరు కొండల దాకా వచ్చి చేరింది. ఆ యంత్రం పిలిస్తే పలకలేనివి మరికొన్ని ఇప్పుడు ఇదే కొండల మీద తిరుగుతున్నాయి. 2021 నవంబరులో సవరించిన ఖనిజ నిబంధనల ప్రకారం 50 హెక్టార్లు లేదా అంతకు మించిన గని లీజుదారులు, ఏటా పది లక్షల టన్నులు లేదా ఆపైన తవ్వేవారు, తమ గనిని ఏడాదికొకసారి డ్రోన్‌తో చిత్రించి సమర్పించాలి. ఇనుప గనుల తాలూకా అయిన సండూరులో డ్రోన్ ఎగరడం ఇక వేడుక కాదు, చట్టం చెప్పిన పని.

అదే ఏడాది ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు ఎన్నో పాత ఆంక్షలను తొలగించి, 400 అడుగుల దాకా చాలా ప్రాంతాలను అనుమతి అక్కర లేకుండా తెరిచాయి, విమానాశ్రయం చుట్టూ అనుమతి అవసరమైన వలయాన్ని 45 కిలోమీటర్ల నుంచి 12కి తగ్గించాయి. రైతుకూ సర్వేయరుకూ అది మేలే చేసింది. అయితే డ్రోన్ ఎక్కడున్నదో ఎప్పటికప్పుడు తెలియజేసే గుర్తింపు సంకేతం, నిషిద్ధ ప్రాంతంలోకి పోకుండా ఆపే కట్టుబాటు, అనుమతి లేనిదే పైకి లేవని ఏర్పాటు, ఈ మూడింటినీ ఆ నిబంధనలు మున్ముందు ప్రకటిస్తామనీ, ప్రకటించాక కనీసం ఆరు నెలల వ్యవధి ఇస్తామనీ చెప్పి వదిలేశాయి. ఎగిరే స్వేచ్ఛకు తేదీ ఉంది, పలికే బాధ్యతకు తేదీ లేదు. విమానం 1,000 అడుగుల లోపుకు దిగాక దాని యంత్రం ఆదేశించలేదు, డ్రోన్ తిరిగేది సరిగ్గా ఆ ఎత్తులోనే. రెండు వ్యవస్థలూ చూడలేని చోటు ఒకటే అయింది.

1934 నాటి విమాన చట్టాన్ని తీసివేసి 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమం అమల్లోకి వచ్చింది. కొత్త చట్టం కింద రాసే ప్రతి ఢీ నివారణ నియమంలోనూ, అది విమానానికైనా హెలికాప్టర్‌కైనా డ్రోన్‌కైనా, అమలు తేదీని నియమం లోపలే అచ్చువేయాలి, ఆ తేదీని పొడిగించవలసి వస్తే కారణాన్ని పార్లమెంటు ముందు చెప్పాలి. తోరణగల్లు లాంటి చిన్న విమానాశ్రయాల చుట్టూ తిరిగే డ్రోన్లతో ఆ పని మొదలుపెట్టాలని పౌర విమానయాన మంత్రిత్వ శాఖకు ఈ సభ నుంచి విజ్ఞప్తి. 1996 తర్వాత అది రెండేళ్లలో చేయగలిగిన పనే.